జైలు అప్పీలు, జస్టిస్ మహమూద్

సోమవారం. వాన. మా కేసు పిలిచేసరికి సాయంత్రమయ్యేలా ఉందని, లైబ్రరీలో అలహాబాద్ సీరీస్ (అలహాబాద్ హైకోర్టు తీర్పుల సంకలనం) పాత సంపుటాలు ముందేసుకున్నాను.

అలహాబాద్ హైకోర్టు పాత జడ్జి సయ్యద్ మహమూద్ అనగానే మన వకీళ్లు 1886 నాటి అబ్దుల్ ఖాదిర్ కేసు (8వ సంపుటం, 149వ పేజీ) ఎత్తుతారు. ముస్లిం వివాహం సివిల్ ఒప్పందమన్న ఒక్క ముక్క రాసుకుని పుస్తకం మూసేస్తారు. అసలు తగువు మెహర్ గురించి, అంటే నిఖాలో భర్త భార్యకిస్తానన్న సొమ్ము గురించి. మెహర్ బాకీ ఉందని భార్య కాపురానికి రానంటే భర్త దావా నిలుస్తుందా? ఒకసారి కాపురం జరిగాక బాకీ వల్ల దావా పూర్తిగా పోదు, కానీ మెహర్ కట్టాలన్న షరతుతో డిక్రీ ఇవ్వొచ్చు అన్నారాయన. పిటిషన్లలో ఈ షరతు మాటే కనబడదు.

ఆయన సర్ సయ్యద్ అహ్మద్ ఖాన్ కొడుకు. 1872లో లింకన్స్ ఇన్ నుంచి బారిస్టరు, 1879లో రాయ్‌బరేలీ జిల్లా జడ్జి. 1881లో సాలార్ జంగ్ పిలుపు మీద న్యాయశాఖ పనికి మన హైదరాబాదుకీ వచ్చారు. 1887లో అలహాబాద్ హైకోర్టులో పర్మనెంట్ జడ్జి అయ్యారు. తీర్పులు ఆలస్యమవడం, తాగుడు, చీఫ్ జస్టిస్ ఎడ్జ్‌తో పడకపోవడం, అన్నీ కలిసి 1893లో రాజీనామా. కొడుకు రాస్ మసూద్ ఇక్కడ విద్యాశాఖ డైరెక్టరుగా చేశారు, ఉస్మానియా పెట్టినప్పుడు ఆయన చెయ్యి ఉంది.

నా లెక్కలో మహమూద్ గొప్పతనమంతా 1891 నాటి పోహ్పీ కేసులో ఉంది (13వ సంపుటం, 171). ఖైదీ జైలు అధికారి ద్వారా అప్పీలు పంపుతాడు. వకీలుని పెట్టుకునే స్తోమత లేదు. వాయిదా నోటీసు జైలుకి చేరుతుంది, రావాలన్నా తాళం సర్కారు దగ్గరుంది. ఎవరూ హాజరు కాలేదని రికార్డు చూసి తేల్చేయవచ్చా? తోటి జడ్జీలు తేల్చవచ్చన్నారు. మహమూద్ విడిగా రాస్తూ, నోటీసు అందితే చాలదు, వాదన చెప్పుకునే వీలు నిజంగా ఉండాలన్నారు.

2024 దాకా నడిచిన 1973 క్రిమినల్ ప్రొసీజర్ కోడ్ 384వ సెక్షన్లో ఆ మాట సగమే చేరింది. జైలు అప్పీలును ముందే కొట్టేయాలంటే ఖైదీకి అవకాశమివ్వాలి అంటూనే, అప్పీల్లో పస లేదనో, అతన్ని తీసుకురావడం మరీ ఇబ్బందనో అనిపిస్తే అక్కర్లేదంది. ఇప్పుడు లీగల్ సర్వీసెస్ (ఉచిత న్యాయ సహాయం) వాళ్లు వకీలుని ఇస్తారు. ఆ వకీలు ములాఖత్‌కి వెళ్లకుండా, సాక్షుల వాంగ్మూలాల కాపీలు చూడకుండా నిలబడితే ఖైదీకి పోహ్పీ గతే.