అరటి బోదెలు, కంది కట్టె

గెల కోశాక అరటి బోదెలను గట్టున పడేయడం, కంది కట్టెను తగలబెట్టడం పులివెందుల వైపు మామూలే. ఈసారి మేము రెండింటినీ ముక్కలు చేసి, పేడనీళ్లతో పాటు పాత దిబ్బ మట్టిని చల్లి కంపోస్టు ఎరువు కోసం కుప్ప వేశాము. బోదెలో 90 శాతానికి పైగా నీరే. మిగిలిన దానిలోని సెల్యులోజు అనే పీచు పదార్థాన్ని మట్టిలోని బాసిల్లస్ వంటి బ్యాక్టీరియా తమ ఎంజైములతో చక్కెరలుగా విడగొట్టి తింటూ ఉండగా, కుప్ప లోపల చేయి పెట్టలేనంత వేడి పుట్టింది. కంది కట్టె మాత్రం అంత తేలికగా లొంగలేదు, ఎందుకంటే అందులోని లిగ్నిన్ అనే గట్టి పదార్థాన్ని విడగొట్టడం ప్రధానంగా శిలీంధ్రాల పని, దానికి నెలలు పడుతుంది. కుప్పలో కార్బన్, నత్రజని నిష్పత్తి 30:1 దగ్గర ఉండాలి, కట్టెలో కార్బనే ఎక్కువ గనుక నత్రజని కోసం పేడ తప్పనిసరి. ఇక కడప ఎండకు కుప్ప ఆరితే బ్యాక్టీరియా పని ఆగిపోతుంది కాబట్టి, చెత్తను కుళ్లబెట్టడానికి సీసాల్లో అమ్మే బ్యాక్టీరియా ద్రావణం కన్నా తడి నిలబెట్టడానికే ఎక్కువ ఖర్చు పెట్టాలని నా అభిప్రాయం.