బట్టల క్లిప్పులు, స్పాంజి, పిండి ముద్ద: పాప వేళ్ల ఆటలు, తొమ్మిది వారాల నోట్సు

పాపకు మూడేళ్ల ఒక నెల నిండినప్పుడు ఈ నోటుపుస్తకం మొదలుపెట్టాను. ఇంట్లో ఉన్న వస్తువులతో చిన్న వేళ్లకు పని కల్పించే ఆటలు తయారుచేయడం ఇప్పుడు నాకు ఇష్టమైన వ్యాపకం. ఆట ఎన్ని నిమిషాలు సాగింది, ఏ వేళ్లు కదిలాయి, ఎక్కడ వదిలేసింది అన్న మూడు సంగతులు ఆ రాత్రే రాసుకుంటాను.

మొదటి వారం ఆట బట్టల క్లిప్పులు. అట్టపెట్టె అంచుకు వాటిని వరసగా తగిలించాలి. కొత్త చెక్క క్లిప్పులు ఇచ్చాను. రెండు చేతులతో నొక్కింది, తెరుచుకోలేదు, రెండు నిమిషాల్లో లేచి వెళ్లిపోయింది. ఈ ఆట తనకు నచ్చలేదనుకున్నాను. మర్నాడు ఇంట్లోని క్లిప్పులన్నీ ఒక్కొక్కటిగా నొక్కి చూస్తే తెలిసింది, ఏ రెండింటి స్ప్రింగు బిగువూ ఒకలా లేదు. బాగా వాడి వదులైన ప్లాస్టిక్ క్లిప్పులు ఆరు ఏరి ఇచ్చాను. ఆ రోజు పద్నాలుగు నిమిషాలు కూర్చుంది! అప్పటినుంచి క్లిప్పులను వదులు, మధ్యరకం, గట్టివి అని మూడు డబ్బాల్లో ఉంచుతున్నాను. అయిదో వారంలో మధ్యరకానికి వచ్చింది. ఇప్పుడు గట్టి చెక్క క్లిప్పును కూడా బొటనవేలితో, మరో రెండు వేళ్లతో తెరుస్తోంది. అట్ట పలచగా ఉంటే వంగిపోయి విసుగు తెప్పిస్తుంది. మందపాటి అట్టను బల్ల అంచుకు టేపుతో నిలబెట్టాక ఆ ఇబ్బంది పోయింది.

పిల్లలు ఆట వదిలేస్తే ఆసక్తి లేదని తేల్చేయకుండా, ముందు వస్తువు బిగువు, పొడవు, మందం ఒక మెట్టు తగ్గించి చూడాలని ఆ వారమే నమ్మకం కుదిరింది. తర్వాతి ఆటలన్నీ ఆ నమ్మకంతోనే సర్దుకున్నాను.

ఇంకొకటి గమనించాను. వేళ్లను ముడిచే పెద్ద కండరాలు వేళ్లలో ఉండవు, ముంజేతిలో ఉంటాయి. ఆ కండరాలను వేళ్ల ఎముకలకు కలిపే పొడవాటి స్నాయువులు తాళ్లలా వేళ్లను లాగుతాయి. క్లిప్పు నొక్కుతూ రెండో చేత్తో ముంజేయి పట్టుకుంటే ఆ బిగువు తెలుస్తుంది. పాప చేతిని అలా పట్టించి చూపిస్తే, లోపల ఏదో కదులుతోందని పదేపదే నొక్కి చూసుకుంది. అందుకే చేయి అలిసినట్టు కనిపిస్తే ఆట అక్కడితో ఆపేస్తాను.

స్పాంజి ఆట ఖర్చు లేనిది, అన్నిటికంటే ఎక్కువసేపు సాగేది కూడా. ఒక గిన్నెలో నీళ్లు, పక్కన ఖాళీ గిన్నె. స్పాంజిని ముంచి, రెండో గిన్నెలో పిండాలి. పూర్తి స్పాంజి తన పిడికిలిలో పట్టలేదు, మూడో వంతు ముక్క సరిగ్గా సరిపోయింది. కింద తువ్వాలు పరచాలి. నీళ్లు రెండు సెంటీమీటర్ల లోతుకు మించనివ్వను, పక్కనుంచి కదలను. కొద్ది నీళ్లలోనూ పిల్లలకు ప్రమాదం జరగవచ్చు.

నాలుగో వారంలో స్పాంజి స్థానంలో చుక్కల మందు గొట్టం పెట్టాను. శుభ్రంగా కడిగి, రబ్బరు మూత ఊడి రాదని చూసుకున్నాకే ఇచ్చాను. ఐస్ ట్రే గళ్లలోకి ఒక్కో చుక్క వేయాలి. నీళ్లలో ఉండగా నొక్కుతోంది, బయటికి తీశాక వదులుతోంది, గొట్టంలోకి గాలి తప్ప ఏమీ ఎక్కడం లేదు. చేయి పట్టుకుని నేర్పకుండా, పక్కనే నా గొట్టంతో నెమ్మదిగా అదే పని చేస్తూ కూర్చున్నాను. నాలుగో రోజు గొట్టం నీళ్లలో ఉండగానే వేళ్లు వదిలింది. నీరు పైకెక్కడం చూసి "అమ్మా, తాగింది!" అని అరిచింది. ఆ పేజీలో ఆ మాట ఒక్కటే రాసుకున్నాను.

పిండి ముద్దకు నా కొలత: రెండు కప్పుల గోధుమ పిండి, అర కప్పు ఉప్పు, ఒక పెద్ద చెంచా నూనె, ముప్పావు కప్పు గోరువెచ్చని నీళ్లు. నీళ్లన్నీ ఒకేసారి పోసిన రోజు ముద్ద చేతికి అంటుకుపోయింది. కొద్దికొద్దిగా పోయాలి. మూత గట్టిగా ఉన్న డబ్బాలో, ఫ్రిజ్‌లో పెడితే మాకు వారం వచ్చింది. ఉప్పు ఎక్కువ కాబట్టి పిల్లలు తినకుండా చూడాలి. కుక్కలకు మరీ హానికరం, ఇంట్లో కుక్క ఉంటే దానికి అందనివ్వకూడదు.

కత్తెర కూడా ఈ ముద్దతోనే మొదలైంది. మొన కొట్టేసిన పిల్లల కత్తెరతో ముద్దను తాడులా చేసి ముక్కలు కోయడం కాగితం కంటే తేలిక, ఎందుకంటే ముద్ద వంగి జారిపోదు. తర్వాత రెండు సెంటీమీటర్ల వెడల్పున్న గట్టి కాగితపు పట్టీలు ఇచ్చాను. ఒక్క కోతకే ముక్క రాలిపడుతుంది, అదే ఆనందం. గీత మీద కోయడం ఇప్పుడే అడగను.

క్రేయాన్ విషయంలో తొందరపడ్డాను. పెన్సిల్ పట్టినట్టు మూడు వేళ్లతో పట్టుకోవాలని రెండో వారంలో వేళ్లు సర్దబోయాను. పాప క్రేయాన్ కింద పెట్టేసింది. పిడికిలితో మొదలై, వేళ్లన్నీ కిందికి వంచి పట్టడం దాటి, ఆ మూడు వేళ్ల పట్టు చాలామంది పిల్లల్లో నాలుగేళ్ల ప్రాంతంలో కుదురుకుంటుంది. ఇప్పుడు క్రేయాన్‌ను మూడు సెంటీమీటర్ల ముక్కలు చేసి ఇస్తున్నాను. పిడికిలికి చోటుండదు, వేళ్లే పట్టాలి. కాగితాన్ని గోడకు, తన కళ్ల ఎత్తులో అంటిస్తే మణికట్టు సహజంగా వెనక్కి వంగి స్థిరపడుతుంది.

వస్తువులు నోట్లో పెట్టుకునే అలవాటు పాపకు పూర్తిగా పోలేదు. అందుకే అట్టతో ఒక గొట్టం చేసుకున్నాను. మూడేళ్లలోపు పిల్లల బొమ్మలను పరీక్షించే గొట్టం అడ్డుకొలత సుమారు 3.2 సెంటీమీటర్లు, లోతు ఒక వైపు 2.5, మరో వైపు 5.7. అందులో పూర్తిగా ఇమిడిపోయే వస్తువు గొంతుకు అడ్డం పడగలదు. గుండీలు, పూసలు, సీసా మూతలు అలాగే పక్కకు వెళ్లాయి. గుండీ బ్యాటరీలు, అయస్కాంతాలు అసలు అందకుండా తాళం వేశాను. క్రేయాన్ ముక్కలూ ఇమిడేవే కాబట్టి లెక్కపెట్టి ఇచ్చి, లెక్కపెట్టి తీసుకుంటాను. పూసలకు బదులు కాగితపు గొట్టాలను వెడల్పాటి వలయాలుగా కోసి, బూటు లేసుకు గుచ్చిస్తున్నాను. లేసు కొన నలిగితే టేపు చుట్టాలి, లేకపోతే గుచ్చడమే సాగదు.

పదో వారానికి పళ్లెం మీద టేపు ముక్కలు అడ్డదిడ్డంగా అంటించి, ఒక్కొక్కటి ఊడదీసే ఆట సిద్ధం చేస్తున్నాను. మొదటి రోజు ప్రతి ముక్క కొసనూ కొంచెం మడిచి పెడతాను, పట్టుకోవడానికి. తేలికగా వచ్చేస్తే రెండో రోజు మడతలు సగానికి తగ్గిస్తాను.