ఫారం పెట్టలు, పెంకు లేని గుడ్లు: నా అనుభవం

గుడ్ల కోసం కోళ్లు పెంచే లేయర్ ఫారంలో పాత బ్యాచ్‌ను అమ్మి దించేసినప్పుడు అన్ని కోళ్లూ లారీ ఎక్కవు. కాళ్లు నిలవనివి, ఈకలు రాలి చర్మం బయటపడ్డవి, పట్టుకుంటే రొమ్ము ఎముక తప్ప కండ తగలనివి పక్కన పడేస్తారు. తూకానికి రాని కోడి వ్యాపారికెందుకు? బరంపురం, ఇచ్ఛాపురం మధ్య ఒక ఫారంలో మా బావ సూపర్‌వైజరు. కిందటేడు మే నెలలో అలా మిగిలిపోయిన పెట్టల్లో కాస్త ప్రాణం ఉన్నవాటిని రెండు గంపల్లో వేసుకుని మా ఇంటికొచ్చాడు. "నీకు పెరడుంది కదమ్మా, బతికితే బతుకుతాయి" అని దింపేసి, టీ తాగి వెళ్లిపోయాడు.

మేముండేది గోపాల్‌పూర్ వెళ్లే రోడ్డు మీద. ఇంట్లో తెలుగు, గుమ్మం దాటితే ఒడియా. మా పెరట్లో నాటుకోళ్లు ఎప్పుడూ ఉంటాయి, కోళ్లంటే మాకు కొత్తేమీ కాదు. కానీ ఈ తెల్ల పెట్టలు వేరే లోకం నుంచి వచ్చినట్టే ఉన్నాయి. మెట్టు ఎక్కడం రాదు. మట్టి మీద కాలు పెట్టమంటే గంప అంచుకే అతుక్కుపోయాయి. ముక్కు కొన కత్తిరించి ఉండటంతో నేల మీద గింజ ఏరుకోలేవు, గిన్నెలో లోతుగా పోస్తేనే తినగలవు. మన దేశంలో ఎక్కువగా పెంచే బీవీ-300 రకం ఇవి. ఫారంలో ఇనుప గూట్లో ఒక్కో కోడికి దక్కే చోటు ఏ4 కాగితం కన్నా తక్కువ. రోజుకు పదహారు గంటలు లైటు. ఏడాదికి 300 పైచిలుకు గుడ్లు. ఎండ అంటే ఏమిటో ఎరగవు.

వచ్చిన కొద్ది రోజులకే మొదలైంది. పొద్దున్నే గూడు తెరిస్తే, అవి పడుకునే కర్ర కింద తడిగా, పసుపుగా ఏదో చిందిపడి ఉండేది. మొదట రెట్ట అనుకున్నాం. ఒకరోజు గడ్డి మీద పగలకుండా దొరికింది. చేతిలోకి తీసుకుంటే వెచ్చగా, పల్చగా, వేలు నొక్కినచోట లోపలికి పోయి మళ్లీ మెల్లగా పైకొస్తోంది. వెలుతురుకు పట్టుకుంటే పొర లోపల పచ్చసొన అటూ ఇటూ జారడం కనిపిస్తోంది. ఒక కొనకు మెలితిరిగిన చిన్న తోక. చేపలమ్మే నోలియా పిన్ని అప్పుడే వచ్చింది. గోపాల్‌పూర్ ఒడ్డున ఈ నోలియా జాలర్లంతా తెలుగే మాట్లాడతారు. చూసి, "ఇదేటమ్మా, తాబేలు గుడ్డులాగుంది!" అంది. ఋషికుల్య నది సముద్రంలో కలిసేచోట ఏటా ఆలివ్ రిడ్లే తాబేళ్లు గుడ్లు పెట్టడానికి వస్తాయి, వాళ్లకు అది కొత్త వస్తువేం కాదు. తాబేలుకు అలా ఉండటమే సహజం, కోడికి కాదు.

ఇలాంటిది బయటపడితే సలహాలకు కొరత ఉండదు. మా అత్తగారు తాంబూలం సున్నం నూకల్లో కలిపి పెట్టమన్నారు. పక్కింటావిడ చోళ్లు, అంటే రాగులు పెట్టమంది, "మా మండియాలో ఎంత కాల్షియం ఉంటుందో తెలుసా" అని. బావ ఫోన్లో, "నీళ్లలో కాల్షియం టానిక్ పొయ్, అయిపోద్ది" అన్నాడు. అందరూ చెప్పేది కాల్షియం గురించే. అది తప్పని కాదు, ఎంత కావాలి, ఎప్పుడు కావాలి అన్నది ఎవరూ అడగరు.

పశువుల ఆసుపత్రికి ఒక పెట్టను సంచిలో పెట్టుకుని వెళ్లాను. డాక్టరుగారు ఒడియాలో అడిగిన మొదటి ప్రశ్న నాకు బాగా పనికొచ్చింది: "ఒక్కటే పెడుతోందా, అన్నీ పెడుతున్నాయా?" ఒక్క కోడే అయితే లోపం ఆ కోడిలో ఉంటుంది. అన్నీ ఒకేసారి మొదలుపెడితే మేతను, రోగాన్ని, ఎండను అనుమానించాలి. తుమ్ములు, కళ్ల వెంట నీరు, గుడ్డు పెంకు మీద ముడతలు ఉంటే ఇన్ఫెక్షియస్ బ్రాంకైటిస్ అనే శ్వాస రోగం కావచ్చట. కోళ్లు పైకి బాగానే ఉండి గుడ్లు ఉన్నట్టుండి తగ్గి, పెంకు పోతే ఎగ్ డ్రాప్ సిండ్రోమ్ అనేది ఇంకొకటి. కొక్కెర తెగులులోనూ పెంకు చెడుతుంది, అయితే దానికి ఫారంలోనే టీకాలు వేసి ఉంటారు. మావాటికి తుమ్ములూ దగ్గులూ లేవు. ఏవి పెడుతున్నాయో తేల్చడానికి ఒక్కో పెట్ట కాలికి ఒక్కో రంగు దారం వదులుగా కట్టాం. తల మీది జుట్టు ఎర్రగా నిగనిగలాడేవే గుడ్లు పెడుతున్నాయి, జుట్టు పాలిపోయి ముడుచుకుపోయినవి పెట్టడం లేదు. పెట్టేవాటిలో మాత్రం దాదాపు అన్నిటివీ పల్చనివే.

ఆ తర్వాత ఆయన చెప్పిన లెక్క కాగితం మీద రాసుకుని తెచ్చుకున్నాను. ఒక గుడ్డు పెంకులో ఉండే కాల్షియం రెండు గ్రాముల పైమాటే. తిన్నదంతా ఒంటికి పట్టదు గనుక పెట్టే కోడికి రోజుకు సుమారు నాలుగు గ్రాములు అందాలి. లేయర్ మేతలో దాదాపు నాలుగు శాతం కాల్షియం ఉంటుంది, కోడి రోజుకు 110 గ్రాముల దాకా తింటుంది, లెక్క సరిపోతుంది. కానీ మన ఇళ్లలో కోడి అంటే నూకలు, తవుడు, మిగిలిన అన్నం. కడుపు సగం నూకలతో నిండితే కాల్షియం సగానికి పడిపోతుంది, పైగా తవుడులోని ఫైటేట్ అనే పదార్థం ఉన్న కాస్త కాల్షియాన్నీ పట్టి ఉంచేస్తుంది. నాటుకోడికి ఇది సరిపోతుంది, అది నాలుగు గుడ్లు పెట్టి పొదుగుకు కూర్చుంటుంది. ఫారం పెట్టకు అలాంటి సెలవు లేదు.

ఈ లెక్కలో మిగతా సలహాలూ తేలిపోయాయి. లీటరు సున్నపు తేటలో కరిగి ఉండే కాల్షియం గ్రాము కూడా ఉండదు, కోడి రోజంతా తాగేది పావు లీటరు. ముద్ద సున్నమే పెడితే గొంతు కాలుతుంది. చోళ్లు మనుషులకు మంచివే, వంద గ్రాముల్లో 350 మిల్లీగ్రాముల చిల్లర కాల్షియం, కానీ నాలుగు గ్రాములు కావాలంటే కోడి కిలో పైన తినాలి! అత్తగారికి ఈ మాట చెబితే, "మా కాలంలో కోళ్లు ఇన్ని లెక్కలు అడగలేదు" అన్నారు. నిజమే, అప్పటి కోళ్లు ఇన్ని గుడ్లూ పెట్టలేదు.

నన్ను ఎక్కువగా ఆలోచింపజేసింది మాత్రం వేళ సంగతి. గుడ్డు తయారవడానికి పట్టే రోజు పైచిలుకు సమయంలో ఇరవై గంటలు పెంకు కట్టడానికే పోతాయి. అందులో ఎక్కువ భాగం రాత్రి, కోడి నిద్రలో ఉన్నప్పుడు. అప్పుడు పొట్టలో కాల్షియం లేకపోతే ఎముకల్లోంచి లాగుతుంది. పెట్టే కోడి ఎముకల లోపల ఇందుకోసమే కొంత నిల్వ ఉంటుంది. అది అరిగిపోయినా గుడ్లు ఆగకపోతే అసలు ఎముకే కరుగుతుంది. మా గంపల్లో వచ్చినవాటికి కాళ్లు నిలవకపోవడం, ఇప్పుడు పెంకు కట్టకపోవడం రెండు రోగాలు కావు, ఒకటే. ఇది తెలిశాక ఆ మెత్తటి గుడ్డు చూస్తే నాకు గుడ్డు మీద కన్నా కోడి మీద బెంగ పట్టుకుంది.

పొడి కాల్షియం పగలు తింటే త్వరగా కిందికి పోతుంది. పలుకుగా ఉన్నది కందనకాయలో ఆగి రాత్రంతా మెల్లగా కరుగుతుంది. అందుకని సాయంత్రం, గూట్లోకి వెళ్లే ముందు గుల్ల పలుకులు విడిగా ఒక చిప్పలో పెట్టడం మొదలుపెట్టాం. మేతల కొట్లో షెల్ గ్రిట్ దొరుకుతుంది. అది అయిపోయినప్పుడు నోలియా పిన్ని ఒడ్డున ఏరిన ఉత్త గుల్లలు తెచ్చిచ్చేది. వాటిని ఉప్పు పోయేదాకా నీళ్లు మార్చి నానబెట్టి, ఎండబెట్టి, పాత రోట్లో దంచి జల్లించాలి. పిండి కింద పడిపోవాలి, మెంతి గింజంత, కందిపప్పంత పలుకు జల్లెడలో మిగలాలి. చేతికి గుచ్చుకునే పెద్ద ముక్కలు మళ్లీ రోట్లోకే. మేతలో కలపకూడదు. గుడ్డు పెట్టని కోడికి బలవంతాన ఎక్కువ కాల్షియం పోతే మూత్రపిండాలు చెడతాయి. విడిగా పెడితే పెట్టేవి వచ్చి తింటాయి, పెట్టనివి వాసన చూసి పోతాయి. ఈ తేడా అవి ఎలా కనిపెడతాయో గానీ, రోజూ చూశాను, పొరపాటు పడవు.

ఎండ రెండు రకాలుగా కలగజేసుకుంది. పొద్దుటి ఎండ మేలు చేసింది, ఈకలు లేని కాళ్ల చర్మం మీద పడితే కోడి ఒంట్లో విటమిన్ డి3 తయారవుతుంది, అది లేకుండా కాల్షియం పేగు దాటదు. మధ్యాహ్నం ఎండ మాత్రం పగ. బరంపురం మే నెల ఉక్క మీకు తెలిసిందే. కోడికి చెమట పట్టదు, నోరు తెరిచి రొప్పుతుంది. రొప్పేకొద్దీ కార్బన్ డయాక్సైడ్ బయటికి పోయి, పెంకులో కాల్షియంతో కలవాల్సిన కార్బొనేటు రక్తంలో తగ్గిపోతుంది. అంటే మేత ఎంత మంచిదైనా ఆ రోజు గుడ్డు పల్చనిదే. తడిపిన గోనెలు కట్టాం, కుండలో నీళ్లు పెట్టాం, మేత పొద్దున్నే చల్లటి వేళకు మార్చాం.

వీటన్నిటి మధ్యలో ఒక రాత్రి ఆకుపచ్చ దారం పెట్ట బెదరగొట్టింది. మూలన తోక కిందికి వేసి, ఒళ్లు ఉబ్బించి, నిలువుగా నించుని ముక్కుతోంది. మెత్తటి గుడ్డుకు గట్టిదనం లేక లోపలి కండరాలకు పట్టు దొరకదు, అడ్డం పడుతుంది. రాత్రిపూట డాక్టరు ఎక్కడ దొరుకుతాడు? గోరువెచ్చని నీళ్లు టబ్బులో పోసి పొట్ట మునిగేలా కూర్చోబెట్టాను. మొదట కొట్టుకుంది, తర్వాత కళ్లు మూసుకుని నా చేతి మీద బరువంతా వేసేసింది. ఇరవై నిమిషాల తర్వాత తుడిచి, వెనక కాస్త కొబ్బరి నూనె రాసి, చీకటి గదిలో అట్టపెట్టెలో పెట్టాం. పొట్ట నొక్కడం, వేలు పెట్టి లాగడం చేయొద్దని డాక్టరుగారు ముందే గట్టిగా చెప్పారు. లోపల పగిలితే సొన పొట్టలోకి పోయి చీము పట్టి కోడి దక్కదు. తెల్లవారేసరికి పెట్టెలో ముడుచుకుపోయిన పొర, పక్కన ఆకలితో అరుస్తున్న పెట్ట. అందరికీ ఇలాగే అవుతుందని చెప్పను. తెల్లారినా గుడ్డు రాకపోతే ఆసుపత్రికి పరుగెత్తాల్సిందే.

గుల్ల, మేత, నీడ కలిసి వర్షాలు పడేసరికి సగం పెట్టల గుడ్లు కాస్త గట్టిపడ్డాయి. మిగతా సగం కదల్లేదు. పక్కవీధిలో లేయర్లు పెంచే ఆయన సాయంత్రం గూట్లో బల్బు వేయమన్నాడు, గుడ్లు పెరుగుతాయని. అక్కడే మా దారులు విడిపోయాయి. నాకు కావాల్సింది గుడ్లు పెరగడం కాదు, కొన్నాళ్లు ఆగడం. ఖాళీ అయిన ఎముక మళ్లీ నిండాలంటే గుడ్డు రాకూడదు. డాక్టరుగారూ అదే అన్నారు: ఈకలు రాల్చుకోనివ్వండి. పగటి వెలుతురు తగ్గితే కోడి గుడ్డు మానేసి ఈకలు మార్చుకుంటుంది. ఫారంలో పదహారు గంటల లైటు ఇచ్చేది అది జరగకుండా ఉండటానికే.

దసరా దాటాక పెరడంతా తెల్ల ఈకలే. కోళ్లు చూడటానికి వచ్చిననాటి కన్నా ఘోరంగా తయారయ్యాయి, చూసినవాళ్లు జబ్బనుకున్నారు. అప్పుడు లేయర్ మేత ఆపి, ఎదిగే కోళ్లకు పెట్టే గ్రోయర్ మేత పెట్టాం, అందులో కాల్షియం ఒక శాతం మాత్రమే. ఈకకు మాంసకృత్తులు కావాలి కనుక కాస్త ఎండు చేప. గుల్ల చిప్ప అలాగే ఉంచాం, దాదాపు ఎవరూ ముట్టలేదు. సంక్రాంతి తర్వాత ఒక్కొక్కదాని జుట్టు మళ్లీ ఎర్రబడింది, వాటికి లేయర్ మేత తిరిగి మొదలైంది. గుడ్లు రోజు విడిచి రోజు, కొన్నిసార్లు ఇంకా తక్కువ. పెంకు మాత్రం గిన్నె అంచుకు కొడితే టక్కుమంటోంది. ఈకలు మార్చుకున్న కోడికి పెంకు బాగుపడుతుందని విన్నాను గానీ ఇంత తేడా ఉంటుందనుకోలేదు.

ఇంట్లో వాడకం గురించి ఒక్క మాట: పెంకు లేని గుడ్డు పగలకపోయినా మేం తినం. లోపలికి క్రిములు రాకుండా ఆపే గోడ దానికి లేదు. యాంటీబయాటిక్ ఇచ్చిన కోడి గుడ్డయితే గట్టిదైనా డాక్టరు చెప్పిన గడువు దాకా పారేయాలి. మంచి గుడ్ల పెంకులు ఎండబెట్టి, గుడ్డు ఆకారం గుర్తుపట్టలేనంత చిన్నగా నలిపి గుల్లలోనే కలుపుతాం.

ఆకుపచ్చ దారం పెట్ట ఒక్కటే మారలేదు. ఈకలు కొత్తవి వచ్చాయి, కాళ్లు గట్టిపడ్డాయి, గోడ కూడా ఎక్కుతోంది, గుడ్డు మాత్రం ఎప్పుడు పెట్టినా తోలే. పెంకు కట్టే సంచి లోపల దెబ్బతిని ఉంటుందని, దానికి మందు లేదని డాక్టరుగారు చెప్పారు. అది కర్ర మీద ఎక్కడ పడుకుంటుందో చూసి కింద మందంగా వరిగడ్డి వేస్తాం, తెల్లవారకముందే తీసేస్తాం. ఆలస్యమైతే మిగతావి ముక్కులు పెడతాయి, ఒక్కసారి గుడ్డు రుచి మరిగితే గట్టి గుడ్లనూ వదలవు.