హిట్ పాయింట్లకు పాచిక వేయాలా, స్థిర సంఖ్య రాసుకోవాలా: ఐదవ లెవెల్ దాకా మా ఆట

మారతహళ్ళిలోని మా ఫ్లాటులో జనవరిలో మొదలుపెట్టిన ఆట ఈ ఆదివారం ఐదవ లెవెల్‌కు, అంటే పాత్రలు ఆడేకొద్దీ ఎక్కే మెట్లలో ఐదవదానికి, చేరింది. నెలకు రెండు ఆదివారాలు, భోజనాలయ్యాక కూర్చుంటాము. మేము వాడేవి డంజన్స్ అండ్ డ్రాగన్స్ (ఒక్కొక్కరు ఒక్కో పాత్రగా కథ ఆడే పాచికల ఆట) 2014 నాటి ఐదవ ఎడిషన్ నియమాలు, ఆట నడిపేది నేను. నన్ను నెలల తరబడి ఇబ్బంది పెట్టిన హిట్ పాయింట్ల (పాత్ర ఎంత దెబ్బ తట్టుకోగలదో చెప్పే సంఖ్య) సంగతి ఇప్పుడు ఒక కొలిక్కి వచ్చింది గనుక, ఈసారి కథను పక్కనపెట్టి దాన్నే రాసుకుంటున్నాను.

ఈ ఎడిషన్‌లో మొదటి లెవెల్‌కు అందరికీ పాచిక మీది గరిష్ఠ సంఖ్య వస్తుంది. ఆ తరువాత ప్రతి లెవెల్‌కు పాచిక వేయవచ్చు, లేదా పుస్తకంలో ఇచ్చిన స్థిర సంఖ్య తీసుకోవచ్చు: పది ముఖాల పాచిక వాడే ఫైటర్‌కు (యోధుడికి) 6, ఆరు ముఖాల పాచిక వాడే విజార్డ్‌కు (మాంత్రికుడికి) 4. మొదటి లెవెల్‌తో సహా ప్రతి లెవెల్‌కూ, రెండు పద్ధతుల్లోనూ, కాన్‌స్టిట్యూషన్ (పాత్ర ఒంటి దారుఢ్యం) బోనస్ అదనంగా కలుస్తుంది. పాచిక వేస్తేనే ఆటకు అందం అని మొదటి రోజే అందరం అనుకున్నాము. స్టీలు పళ్ళెంలో తువ్వాలు పరిచి, అందరి కళ్ళముందూ వేశాము.

ఉగాది తరువాతి ఆదివారానికి పరిస్థితి ఇలా ఉంది. మా బావమరిది ఆడే ఫైటర్‌కు మూడు లెవెళ్ళలో 2, 1, 4 పడ్డాయి. మొదటి లెవెల్‌లో వచ్చిన 12కు (పాచిక 10, కాన్‌స్టిట్యూషన్ 2) ఈ 7, తరువాతి మూడు లెవెళ్ళలో కాన్‌స్టిట్యూషన్ వల్ల వచ్చే 6 కలిపితే మొత్తం 25. స్థిర సంఖ్య తీసుకుని ఉంటే 36 ఉండేవి. మూడు పది ముఖాల పాచికలు కలిపి 7 లేదా అంతకన్నా తక్కువ పడే అవకాశం 1000లో 35 మాత్రమే, అది మావాడికే వచ్చింది. మా ఆఫీసులో పనిచేసే నెల్లూరు అమ్మాయి ఆడే విజార్డ్‌కు 6, 5, 6 పడి, మొదటి లెవెల్‌లో వచ్చిన 7, కాన్‌స్టిట్యూషన్ వల్ల వచ్చే 3 కలిపి మొత్తం 27 అయ్యాయి. డాలు పట్టుకుని ముందు నిలబడేవాడికన్నా వెనక మంత్రాలు వేసే మనిషి గట్టిగా తేలింది.

ఆ రోజు ఓగర్ అనే భారీ రాక్షసుడితో పోరు జరిగింది. దాని దుడ్డుకర్ర దెబ్బ సగటున 13. మొదటి దెబ్బ 14, రెండవది 12 పడ్డాయి. 36 ఉన్న ఫైటర్ ఆ రెండు దెబ్బలు తిని కూడా నిలబడేవాడు. 25 ఉన్న ఫైటర్ నేలకూలాడు. "బావా, ముందు నిలబడడమే నా పని, అదే చేయలేకపోతున్నాను" అని మా బావమరిది తన పాత్ర వివరాలు రాసుకునే షీటు మీది 25ను చెరిపి 0 రాశాడు. ఇన్ని నెలలు చెరిపి రాయడంతో ఆ గడి దగ్గర కాగితం పలచబడి వెలుతురుకు పారదర్శకంగా కనిపిస్తోంది.

పచ్చీసులో గవ్వలు సరిగా పడకపోతే ఆ వంతు పోతుంది, మళ్ళీ వంతు వచ్చేసరికి కొత్త ఆశ పుడుతుంది. ఈ ఆటలో కత్తి దెబ్బకు వేసే పాచిక కూడా అంతే. హిట్ పాయింట్లకు వేసినది మాత్రం ఒక్కసారి పడి నెలల తరబడి షీటు మీద ఉండిపోతుంది. నాకు అభ్యంతరం పాచిక మీద కాదు, ఆ ఉండిపోవడం మీద.

1974లో గైగాక్స్, ఆర్నెసన్ తెచ్చిన మొదటి ఆటలో అందరికీ ఆరు ముఖాల పాచికే ఉండేది, ఫైటర్, విజార్డ్ వంటి తరగతినిబట్టి వేర్వేరు పాచికలు 1975 నాటి అనుబంధంతో వచ్చాయి. 2008 నాటి నాల్గవ ఎడిషన్ పాచికను తీసేసి స్థిర సంఖ్యలనే పెట్టింది. ఇలాంటిదే అయిన పాత్‌ఫైండర్ ఆట 2019 నాటి రెండవ ఎడిషన్ కూడా అదే దారి పట్టింది. మేమూ అలా మారిపోవచ్చు గానీ, లెవెల్ పెరిగిన రోజున పళ్ళెం చుట్టూ చేరే ఆ సందడిని వదులుకోవడానికి నాకు మనసొప్పలేదు.

రెండు పాచికలు వేసి పెద్దది ఉంచుకునే పద్ధతిని ముందు పరిశీలించాను. దానివల్ల పది ముఖాల పాచిక సగటు 5.5 నుంచి 7.15కు ఎగబాకుతుంది, అప్పుడు నేను శత్రువులందరినీ పెంచుకోవలసి వస్తుంది. 1 పడితే మళ్ళీ వేయించే పద్ధతిని లెక్కకట్టినప్పుడు మాత్రం నిజంగా సంతోషం కలిగింది: 1ని తీసేస్తే పది ముఖాల పాచికలో 2 నుంచి 10 దాకా మిగులుతాయి, వాటి సగటు సరిగ్గా 6. ఆరు ముఖాల పాచికకు సరిగ్గా 4. అంటే పుస్తకంలోని స్థిర సంఖ్యలే. సగటు కుదిరింది గానీ, వరుసగా రెండ్లు పడితే ఆ దెబ్బ ఉండిపోవడం దీనివల్ల పోదు.

చివరికి స్థిరపరచుకున్న నియమం ఇది. లెవెల్ పెరిగిన ప్రతిసారీ ఆ ఒక్క పాచికనే కాకుండా రెండవ లెవెల్ నుంచి ఉన్న పాచికలన్నింటినీ మళ్ళీ వేయాలి, 1 పడితే దాన్ని తిరిగి వేయాలి. కొత్త మొత్తం పాతదానికన్నా తగ్గినా, సమానంగా వచ్చినా, పాత మొత్తానికి 1 కలుపుకోవాలి. దీనివల్ల సగటు స్థిర సంఖ్యకన్నా కొద్దిగా పెరుగుతుంది, ఆ కొద్దిపాటిని నేను ఒప్పుకున్నాను. షీటు మీద మొదటి లెవెల్ సంఖ్య, పాచికల మొత్తం, కాన్‌స్టిట్యూషన్ మూడూ వేర్వేరు గడుల్లో పెన్సిలుతో రాసుకుంటే తిరగరాయడం తేలిక.

ఈ ఆదివారం ఆట మొదలయ్యే ముందే వేయించాను. ఫైటర్‌కు 5, 8, 3 పడి, నాలుగవది 1 పడితే తిరిగి వేయించగా 7 వచ్చింది. పాచికల మొత్తం 23, దానికి 12, 8 కలిపితే 43, స్థిర లెక్కకు ఒక్కటే తక్కువ. విజార్డ్‌కు 2, 3, 4, 2 పడి 11 వచ్చింది, పాత మొత్తం 17 కనుక 18 చేసుకుంది, దానికి 7, 4 కలిపి 29. మా బావమరిది పలచబడిన ఆ షీటును పక్కన పెట్టి, కొత్త కాగితం మీద 43 రాసుకున్నాడు.

శత్రువులకు మాత్రం ఇకపై పాచికే వేస్తాను. ఓగర్‌కు పుస్తకం ఇచ్చిన సగటు 59, పక్కనే ఏడు పది ముఖాల పాచికలు కలుపు 21 అని ఉంది. అది బతికేది ఒక్క పోరాటం కనుక, దానికి ఏది పడినా ఆ సాయంత్రంతోనే సరి. వచ్చే ఆటలో రెండు ఓగర్లు ఉన్నాయి, వాటి పాచికలు కూడా అదే పళ్ళెంలో, తెర చాటున వేస్తాను.