చేదెక్కిన రసం, పులిసిన రసం

గుర్రంపోడు వైపు మా చిన్నాయన వాళ్లకు బత్తాయి తోట ఉంది. కత్తెర కాపు దిగగానే హైదరాబాద్‌లో ఉన్న మాకు ఒక బస్తా పంపిస్తారు. ఈసారి బస్తా వచ్చిన వారమే మా నాయనకు జ్వరం పట్టుకుంది. అన్నం సయించడం లేదు, బత్తాయి రసం ఒక్కటే ఇష్టంగా తాగుతున్నారు. ఆఫీసు హడావుడిలో పొద్దున్నే డజను కాయలు ఒలిచి, మిక్సీలో తిప్పి, వడకట్టి, సీసాలో పోసి ఫ్రిజ్‌లో పెట్టి వెళ్లేదాన్ని.

మొదటిరోజు సాయంత్రం నాయన ఒక్క గుక్క తాగి గ్లాసు పక్కన పెట్టేశారు. "చేదెక్కింది బిడ్డా, కరాబైనట్టుంది" అన్నారు. నేనూ రుచి చూశాను. ముందు తియ్యగానే ఉంది, మింగాక గొంతులో చేదు తగిలింది. వాసన మాత్రం మంచి బత్తాయి వాసనే. జ్వరం మనిషి కదా, టెన్షన్ పడి మొత్తం సింక్‌లో పోసేశాను.

రాత్రి చిన్నమ్మకు ఫోన్ చేస్తే మొదటి మాటే, "గింజలు తియ్యకుండనే మిక్సీల ఏసినవా?" అని అడిగింది. అవును, గింజలూ తెల్ల పొరా అన్నీ కలిపే వేశాను. ఆ తర్వాత దీని గురించి చదివాను. కాయలో ఉన్నప్పుడు చేదు లేని పదార్థం ఒకటి ఆ పొరలో, గింజల్లో ఉంటుందట. రసం తీశాక పులుపు తగిలి అది మెల్లమెల్లగా లిమోనిన్‌గా మారుతుంది. అదే ఆ చేదు. పొద్దున బాగున్న రసం సాయంత్రానికి చేదెక్కేది అందుకే. అది పాడవడం కాదు. అప్పటినుంచి మిక్సీ మానేసి, కాయను అడ్డంగా కోసి చేత్తో పిండుతున్నాను.

అసలు పాడవడం ఎలా ఉంటుందో ఆ తర్వాతి వారం చూశాను. శనివారం తీసిన రసం స్టీలు బాటిల్‌లో మిగిలిపోయింది. ఆదివారం మధ్యాహ్నమంతా కరెంటు లేదు. సోమవారం పొద్దున మూత తిప్పితే టప్‌మని గాలి తన్నింది. గాజు గ్లాసులో పోస్తే అంచు చుట్టూ సన్నటి నురగ, అడుగు నుంచి సూదిమొనంత బుడగలు ఒకదాని వెంట ఒకటి పైకి వస్తున్నాయి. వాసన చూస్తే అచ్చం పులిసిన కల్లు. కల్లును పులియబెట్టే ఈస్ట్ లాంటిదే ఇక్కడా పని చేసింది. కాయ తొక్క మీద ఉన్న ఈస్ట్ కత్తితోపాటు రసంలోకి దిగి, చక్కెర తిని, ఆల్కహాల్, గ్యాస్ వదులుతుంది. కొంచెం పంచదార వేస్తే రసం నిలవ ఉంటుందని మా ఇంట్లో అనుకునేవాళ్లం. ఆ కాస్త పంచదార ఈస్ట్‌కు మేతే అవుతుంది.

ఇప్పుడు ముందు కాయలు కడిగి తుడిచి, ఆ తర్వాతే కోస్తాను. రసాన్ని గాజు సీసాలో మూతి దాకా నింపి ఫ్రిజ్ లోపలి అరలో వెనక్కి పెడతాను. తలుపు అరలో చల్లదనం నిలవదు. మూత మీద టేపు అంటించి తీసిన టైం రాస్తాను. నాయనకు ఆ పూటదే ఇస్తాను, మేము మర్నాటి దాకా తాగుతాం. మనిషిని జబ్బు పడేసే క్రిములన్నీ నురగనో వాసననో చూపించి రావు, ఫ్రిజ్ వాటిని చంపదు కూడా. అందుకే పెద్దవాళ్ల విషయంలో ముక్కు కన్నా గడియారాన్నే నమ్ముతున్నాను. పుచ్చకాయ రసంలో పులుపు తక్కువ, ఇంకా తొందరగా పాడవుతుంది కాబట్టి అప్పటికప్పుడే తాగేస్తాం. కొన్న ప్యాకెట్ జ్యూస్ వేడి చేసి నింపింది కాబట్టి సీలు ఉన్నంతవరకు నెలల తరబడి ఉంటుంది. తెరిచాక మాత్రం వెంటనే ఫ్రిజ్‌లో పెట్టాలి. ఉబ్బిన ప్యాకెట్‌నైతే తెరవకుండానే పారేస్తాను. మూతి దగ్గర బూజు కనిపిస్తే పైపైన తీసేసి తాగడం మా ఇంట్లో బంద్.

మిగిలిన కాయల రసం ఐస్ ట్రేలో, గడ్డకడితే ఉబ్బుతుంది కాబట్టి కొంచెం వెలితిగా పోసి పెట్టాను. నాయనకు జ్వరం తగ్గింది. మధ్యాహ్నం రెండు ముక్కలు నీళ్లలో వేసిస్తే గ్లాసు ఖాళీ చేసి, "ఇంకోటి ఎయ్యి బిడ్డా" అంటున్నారు.