మా జాకీ కడుపులో పుండు, ఆమ్లం తగ్గించే మందులు: నా అనుభవం

తొమ్మిదేళ్ల మా కుక్క జాకీ వరుసగా నాలుగు రోజులు తెల్లవారుజామున పసుపుపచ్చని నురగ వాంతి చేసుకుంది. రాత్రి తిండికీ ఉదయపు తిండికీ మధ్య వ్యవధి ఎక్కువైనప్పుడు ఖాళీ కడుపులోకి పైత్యరసం ఎగదన్ని కొన్ని కుక్కలకు ఇలా అవుతుందనీ, పడుకోబోయే ముందు కాస్త తిండి పెడితే చాలావాటికి తగ్గుతుందనీ నాకు తెలుసు. అలాగే చేశాను గానీ తగ్గలేదు. అప్పుడు నా కడుపుమంటకు నేను వేసుకునే ఫామోటిడిన్ బిళ్లను సగానికి విరిచి, ఎవరినీ అడగకుండానే దానికి వేశాను.

వాంతులు ఆగిపోయాయి. నా వైద్యం మీద నాకు కొంత గర్వం కూడా కలిగిందని ఒప్పుకోవాలి. ఆరో రోజున మళ్లీ మొదలైతే, మోతాదు చాలలేదనుకుని సగం బిళ్లను పూర్తి బిళ్ల చేశాను. తొమ్మిదో రోజున దాని విరేచనం తారులాగా నల్లగా, జిగటగా కనిపించింది. అది కడుపులో గానీ చిన్నపేగు మొదట్లో గానీ కారిన రక్తం జీర్ణమై వచ్చే రంగు. వెంటనే పశువైద్యశాలకు తీసుకువెళ్లాను.

ఈ నెలలో కుక్కకు ఇంకే మందులైనా వేశారా అని డాక్టరు గారు అడిగితే లేదన్నాను. ఆయన కాసేపు పొట్ట తడిమి చూసి, "నొప్పికి ఏమైనా? ఎప్పుడైనా కుంటిందా?" అని మళ్లీ అడిగారు. అప్పుడు గుర్తొచ్చింది: వాంతులు మొదలవడానికి ముందు, వెనుక కాలు కుంటుతోందని మూడు రోజులపాటు మా ఇంట్లోని ఐబుప్రొఫెన్ వేశాను. కడుపు లోపలి పొరను కాపాడే ప్రోస్టాగ్లాండిన్లు తయారుకాకుండా ఆ మందు అడ్డుకుంటుందనీ, మనుషులు తట్టుకునే మోతాదు కుక్కకు పుండ్లు పుట్టించగలదనీ, ఇంకా ఎక్కువైతే మూత్రపిండాలనూ దెబ్బతీస్తుందనీ ఆయన చెప్పారు. అంటే పుండును పుట్టించినదీ నేనే, దాని ఆనవాళ్లను కొన్నాళ్లు కప్పిపెట్టినదీ నేనే.

రక్తపరీక్ష, పొట్టకు స్కానింగు చేశారు. వాంతులకు కాలేయం, క్లోమం, మూత్రపిండాల జబ్బులు, మింగిన ఏ బొమ్మముక్కో కూడా కారణం కావచ్చు. వాటిలో దేనినీ ఆమ్లం తగ్గించే మందు నయం చేయదు. అదృష్టవశాత్తూ మూత్రపిండాలు బాగానే ఉన్నాయి. ఫామోటిడిన్ చాలావరకు వాటి ద్వారానే బయటికి పోతుంది కనుక, అవి దెబ్బతిని ఉంటే నేను పెంచిన మోతాదు మరో సమస్య అయ్యేది.

ఫామోటిడిన్ ఎందుకు పనిచేయడం మానేసిందో కూడా అప్పుడే అర్థమైంది. ఆమ్లాన్ని ఊరించే సంకేతాలలో హిస్టమిన్ ఒక్కదానినే అది ఆపుతుంది; రోజూ వేస్తూ పోతే కొద్ది రోజుల్లోనే శరీరం అలవాటుపడి దాని ప్రభావం తగ్గిపోతుంది. ఒమెప్రజోల్ అలా కాకుండా, ఆమ్లాన్ని విడుదల చేసే పంపునే మూసేస్తుంది. అమెరికా పశువైద్య అంతర వైద్య నిపుణుల సంస్థ (ACVIM) 2018లో వెలువరించిన నిపుణుల ఏకాభిప్రాయం కూడా కుక్కల కడుపు పుండ్లకు ఈ రకం మందును రోజుకు రెండుసార్లు ఇవ్వడమే మేలంటుంది. జాకీ బరువు పది కిలోలు కనుక, కిలోకు ఒక మిల్లీగ్రాము చొప్పున పూటకు పది మిల్లీగ్రాముల క్యాప్సూల్ రాశారు. ఫామోటిడిన్‌ను కూడా కొనసాగించమంటారా అని అడిగితే, రెండూ కలిపినందువల్ల అదనపు ప్రయోజనం లేదని పూర్తిగా మాన్పించారు.

మందు రాయించుకోవడం కంటే దానిని సరిగ్గా వేయడమే కష్టమైంది. తిండి తిన్నప్పుడే ఆ పంపులు పనిలోకి దిగుతాయి కనుక, క్యాప్సూల్‌ను భోజనానికి అరగంట నుంచి గంట ముందు ఇవ్వాలి. లోపలి గుళికలను ఆమ్లం పాడుచేయకుండా వాటికి పూత ఉంటుంది కనుక నూరకూడదు. తిండిలో దాచకుండా జాకీ చేత మింగించడానికి మూడు రోజులు కుస్తీ పట్టాను. అన్నవాహికలో ఇరుక్కోకుండా వెనువెంటనే సిరంజితో కొద్దిగా నీళ్లు పట్టేవాడిని. విసిగిపోయి ద్రవరూపంలో ఉన్నది తెస్తానంటే, కొన్ని ద్రవ మందులలో తీపి కోసం కలిపే జైలిటాల్ కుక్కలకు విషమనీ, సీసా మీది వివరాలు తనకు చూపించకుండా వేయవద్దనీ డాక్టరు గారు గట్టిగా చెప్పారు. పుండు మీద పొరలా అంటుకునే సుక్రాల్ఫేట్‌ను నీళ్లలో కరిగించి, అది ఇతర మందుల శోషణకు అడ్డుపడుతుంది కనుక వాటికి రెండు గంటల ఎడంగా ఇచ్చాను.

నల్లని విరేచనం అయిదో రోజుకు గోధుమరంగుకు తిరిగింది. రెండో వారంలో కాస్త పలుచబడితే, అంతా బాగానే ఉంది కదా అని మందు ఆపేయకుండా ఫోన్ చేశాను. ఒమెప్రజోల్‌తో కొన్ని కుక్కలకు అలా అవుతుందని, తింటూ హుషారుగా ఉన్నంతవరకు కొనసాగించమన్నారు. నాలుగు వారాల తరువాత కూడా ఒక్కసారిగా ఆపనివ్వలేదు. చాన్నాళ్లు అణచిపెట్టిన ఆమ్లం ఒక్కసారిగా ఎక్కువగా ఊరకుండా, మొదట రోజుకు ఒక్క క్యాప్సూల్‌కు తగ్గించి, ఆ తరువాతే మాన్పించారు.

మందు ఆపిన పదో రోజు తెల్లవారుజామున జాకీ మళ్లీ ఒకసారి పసుపు నురగ కక్కింది. నా చెయ్యి మందుల పెట్టె వైపు వెళ్లలేదు. ముందు విరేచనం రంగు చూసి, తరువాత డాక్టరు గారికి ఫోన్ చేశాను. రంగు మామూలుగానే ఉందనీ, తిండి తింటోందనీ చెబితే, కోలుకుందని నేను మానేసిన రాత్రి తిండిని మళ్లీ మొదలుపెట్టమన్నారు. ఆ వాంతి మళ్లీ రాలేదు.