మోహనంలో ‘మ’ లేదు

"అమ్మా, మ ఎక్కడ?" అంది పాప వీణ మెట్ల మీద వేలు పెట్టి. మోహన రాగంలో మ, ని ఉండవు నాన్నా, అయిదు స్వరాలే అని చెప్తుంటే మేనేజర్ ఫోన్. టీమ్ లీడ్‌గా నా పేరు పంపుతారట.

ఒప్పుకున్నాను. సాయంత్రం ఆరు నుంచి ఏడు దాకా మాత్రం మీటింగులు వద్దన్నాను.

50 మంది, ఆపైన ఉద్యోగులున్న చోట క్రెష్, అంటే పసిపిల్లల్ని చూసుకునే గది, ఉండాలని 2017లో చట్టం మార్చారు. మా ఆఫీసులో అది లేకపోతే ఈ ఫోన్ నాకొచ్చేదే కాదు.

"పిల్ల ఉందిగా, ఇంకా వీణ ఎందుకు?" అంటారు చాలామంది. ఆ గంట వాయించుకుంటేనే నాకు మిగతా రోజంతా ఓపిక ఉంటుంది. ఆదివారం క్రికెట్‌కి వెళ్లే మా ఆయన్ని ఇలా ఒక్కరూ అడగలేదు.